పిన్ని పచ్చళ్ళ వ్యాపారానికి వెబ్‌సైట్: 12 వేలా, 45 వేలా, లక్షా అరవై వేలా?

పచ్చడిజాడీ:

అందరికీ నమస్తే. బెంగళూరులో చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ చేయించుకున్నవాళ్ళు గానీ, చేసి ఇచ్చేవాళ్ళు గానీ ఉంటే కాస్త సలహా ఇవ్వండి. మా ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

మా పిన్నీ బాబాయీ మున్నేకొళాలలో ఉంటారు. పిన్ని పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతుంది. మొదట చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన పిల్లలకి ఇచ్చేది, తర్వాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పాకింది, ఇప్పుడు హైదరాబాద్, పుణే దాకా పార్సిళ్ళు వెళ్తున్నాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార వ్యాపారాలకి ఉండాల్సిన) రిజిస్ట్రేషన్ ఉంది, జీఎస్టీ ఇంకా తీసుకోలేదు. రుచి గురించి ఎవరూ వంక పెట్టలేదు గానీ చిక్కంతా ఆర్డర్ల దగ్గరే. ఒకరు "అక్కా, మొన్నటిదే ఇంకో అరకేజీ" అని వాయిస్ మెసేజ్ పెడతారు, ఆ మొన్నటిది ఏంటో మనమే వెతుక్కోవాలి. ఇంకొకరు డబ్బులు వేసి స్క్రీన్‌షాట్ పంపుతారు, అడ్రస్ పంపరు. బాబాయి రాత్రి పదకొండింటికి నోట్‌బుక్ ముందేసుకుని ఎవరివి వచ్చాయి, ఎవరివి రాలేదు అని లెక్కలు సరిచూస్తూ కూర్చుంటాడు.

నేను ఐటీలోనే ఉన్నా కానీ నాది టెస్టింగ్, వెబ్‌సైట్లు నా పని కాదు. ఇంట్లోవాళ్ళకి మాత్రం కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళందరూ ఒకటే కాబట్టి బాధ్యత నా మీద పడింది. మూడు కొటేషన్లు తెచ్చాను. ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడు, ఇంజనీరింగ్ చివరి ఏడాది, 12 వేలకి వారంలో చేసేస్తా అంటున్నాడు. బీటీఎం వైపు ఒక చిన్న ఏజెన్సీ 45 వేలు ప్లస్ జీఎస్టీ చెప్పింది, డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ చోటు) మొదటి ఏడాది ఫ్రీ, ఎస్ఎస్ఎల్ అనే భద్రత సర్టిఫికెట్‌కి 4 వేలు వేరే, రెండో ఏడాది నుంచి మెయింటెనెన్స్ అని ఏడాదికి 18 వేలు. మూడోది కాస్త పెద్ద ఆఫీసు, లక్షా అరవై వేలు, మొబైల్ యాప్ కూడా ఇస్తారట, గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ అట. వాళ్ళ దగ్గర్నుంచి రోజూ ఫోన్లు, "సార్, ఈ నెలాఖరు దాకే ఆఫర్" అని.

ఇంత తేడా ఎందుకుంది? ఏది అడగాలి, ఏది రాయించుకోవాలి? పిన్నికి సైటు తెలుగులో కూడా ఉండాలని కోరిక, అది పెద్ద పనా?

నిష్ఠూరం:

ముక్కుసూటిగా చెప్తా, ఏమీ అనుకోకండి. మీ పిన్నిగారికి ఇప్పుడు కావలసింది వెబ్‌సైట్ కాదు, ఆర్డర్ తీసుకునే పద్ధతి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు, ఒక్కో పచ్చడికి ఫొటో, ధర, బరువు. కొనేవాళ్ళు కార్టులో వేసి పంపితే "మొన్నటిది" గోల పోతుంది. లేబుల్స్ ఉంటాయి, డబ్బులొచ్చినవి, రానివి, పార్సిల్ పోయినవి అని రంగులు వేసుకోవచ్చు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే, మ్యాప్‌లో కనిపిస్తారు, రివ్యూలు వస్తాయి. ఆర్నెల్లు ఇలా నడిపి, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు వేలు పోయండి. లక్షా అరవై వేలకి ఎన్ని జాడీల ఆవకాయ అమ్మాలో మీరే లెక్కేసుకోండి.

యాప్ మాట చెప్పక్కర్లేదు. ఏడాదికి నాలుగుసార్లు పచ్చడి కొనేవాడు ఫోన్‌లో మీ యాప్ ఉంచుకుంటాడా?

హోస్టింగ్‌రావు:

నిష్ఠూరం గారు చెప్పిందాంట్లో సగం నేనూ ఒప్పుకుంటా. వాట్సాప్ బిజినెస్ ఇవాళే పెట్టేయండి, దానికి నన్నూ ఎవర్నీ అడగక్కర్లేదు. కానీ అదొక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూశాం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఒకప్పుడు ఉచితంగా చిన్న వెబ్‌సైట్ ఇచ్చేవాళ్ళు, బోలెడుమంది టైలర్లు, ట్యూషన్ సెంటర్లవాళ్ళు అదే అడ్రస్ విజిటింగ్ కార్డుల మీద వేయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ వాటన్నిటినీ మూసేసింది. కార్డులు మాత్రం మిగిలాయి. మనది అనే అడ్రస్ ఒకటి ఉండాలనేది అందుకే. అది పెద్ద సైటు కానక్కర్లేదు.

నేను చిన్న వ్యాపారాలకే సైట్లు చేస్తా, అదే నా తిండి. కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని వినండి.

ధరల్లో తేడా ఎందుకంటే, ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పలేదు. 12 వేల కుర్రాడు రెడీమేడ్ థీమ్ (సైటు రూపం) తెచ్చి వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్), వూకామర్స్ (దానికి షాపు కలిపే ప్లగిన్, అంటే అదనపు ముక్క) మీద పెట్టి మీ ఫొటోలు అతికిస్తాడు. అందులో తప్పేం లేదు, వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉంది, ఉచితం, ప్రపంచంలో 40 శాతం పైగా సైట్లు దాని మీదే నడుస్తున్నాయి. ఆయన్ని అడగాల్సింది ఒకటే, థీమ్, ప్లగిన్లు డబ్బిచ్చి కొన్నవా, లేక నల్డ్ అని దొరికే దొంగ కాపీలా? దొంగ కాపీల్లో చాలావాటిలో ఎవడో ముందే దూరే దారి పెట్టి ఉంచుతాడు. కొన్నాళ్ళకి మీ పచ్చళ్ళ సైటు తెరిస్తే జూదం సైటు వస్తుంది, అప్పటికి కుర్రాడు ఉద్యోగంలో చేరి ఫోన్ ఎత్తడు.

45 వేల వాళ్ళ కొటేషన్‌లో జీఎస్టీ 18 శాతం అంటే ఇంకో 8,100, మొత్తం 53,100. దాని మీద ఎస్ఎస్ఎల్ 4 వేలు. ఇది మాత్రం ఎందుకో అడగండి. సైటు సురక్షితమని బ్రౌజర్ గుర్తించడానికి కావలసిన ఈ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఉచితంగానే ఇస్తారు, చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్నే ప్లాన్‌లో కలిపేస్తాయి. అది లేకపోతే క్రోమ్ 2018 జులై నుంచి "సురక్షితం కాదు" అని చూపిస్తోంది కాబట్టి ఉండాల్సిందే, కానీ మీ సైజు సైటుకి దానికోసం విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఏడాదికి 18 వేల మెయింటెనెన్స్‌లో ఏం చేస్తారో కూడా రాసిమ్మనండి. బ్యాకప్ ఎన్నిరోజులకి, ఎక్కడ దాస్తారు, ప్లగిన్ అప్‌డేట్లు ఎవరు చేస్తారు, నెలకి ఎన్ని చిన్న మార్పులు. ఇవన్నీ ఉంటే 18 వేలు మరీ అన్యాయం కాదు. "సపోర్ట్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మాత్రం ఆ డబ్బు ఊరికే పోయినట్టే.

అసలు ఖర్చులు చూస్తే, డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ డొమైన్ ఏడాదికి వెయ్యి అటూ ఇటూ. మొదటి ఏడాది 99, 199 అని ఊరిస్తారు, రెన్యువల్ ధర చూసి కొనండి. చిన్న సైటుకి షేర్డ్ హోస్టింగ్ ఏడాదికి మూడు నుంచి ఆరు వేలు. మిగతాదంతా మనిషి పనికి ఇచ్చేదే.

షాపిఫై అనే రెడీమేడ్ ఆన్‌లైన్ షాపు సర్వీసు అయితే గొడవ తక్కువ, హోస్టింగ్, సెక్యూరిటీ అన్నీ వాళ్ళవే, కానీ నెలనెలా కట్టాలి. ఇంకో మెలిక, షాపిఫై సొంత పేమెంట్ సర్వీసు ఇండియాలో లేదు. కాబట్టి రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సర్వీసు) పెట్టుకోవాలి, అలా బయటి గేట్‌వే వాడినందుకు బేసిక్ ప్లాన్‌లో షాపిఫై తన వంతు 2 శాతం తీసుకుంటుంది. 500 రూపాయల ఆర్డర్‌లో గేట్‌వేకి 2 శాతం చొప్పున 10, దాని మీద జీఎస్టీ 1.80, షాపిఫైకి ఇంకో 10. పచ్చడి మీద లాభం ఎంతో మీకే తెలుసు. యూపీఐ మీద 2020 జనవరి నుంచి ఎండీఆర్ (అమ్మేవాళ్ళ నుంచి తీసుకునే లావాదేవీ ఫీజు) సున్నా, అయినా గేట్‌వే వాళ్ళు ప్లాట్‌ఫాం ఫీజు అని వేసుకుంటారు, ఎంతో ముందే అడగండి.

గేట్‌వే ఖాతా తెరిచేటప్పుడు సైటులో కాంటాక్ట్, షిప్పింగ్, రిఫండ్, ప్రైవసీ, నిబంధనలు, ఈ పేజీలు ఉన్నాయా అని చూస్తారు. లేకపోతే దరఖాస్తు వెనక్కొస్తుంది. చాలామంది డిజైనర్లు వీటిని వేరేవాళ్ళ సైటు నుంచి ఎత్తి అతికిస్తారు, బట్టల షాపు రిఫండ్ పాలసీ పచ్చళ్ళకి పెడితే "15 రోజుల్లో వాడని సరుకు వెనక్కివ్వవచ్చు" అని ఉంటుంది. మూత తీసిన జాడీ వెనక్కొస్తే పిన్నిగారు ఏం చేస్తారు? ఆ పేజీ మీరే కూర్చుని రాయండి. సీసా పగిలి వస్తే ఏంటి, కారి వస్తే ఏంటి, ఎన్ని గంటల్లో ఫొటో పంపాలి, అన్నీ.

అన్నిటికన్నా ముందు జీఎస్టీ సంగతి చూడండి. ఒకే రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్ళకి టర్నోవర్ 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, పన్ను పడే సరుకు రాష్ట్రం దాటి అమ్మితే మొదటి రూపాయి నుంచే తప్పనిసరి. హైదరాబాద్, పుణే పార్సిళ్ళు దాని కిందికే వస్తాయి. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి బెంగళూరులో చిన్న కొట్లవాళ్ళకి నోటీసులు వచ్చిన గొడవ గుర్తుండే ఉంటుంది. సైటు మొదలుపెట్టేలోపు ఒక సీఏ గారితో కూర్చోండి, ఆ ఫీజుని కూడా సైటు ఖర్చులోనే వేసుకోండి.

లక్షా అరవై వాళ్ళ గురించి చెప్పడానికి ఏం లేదు. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసుకుంది.

కుందలహళ్ళి కోడలు:

నాది బ్లౌజులు కుట్టే చిన్న బొటిక్, ఇంట్లోనే. సైటు ఉంది, బాగానే నడుస్తోంది, చేయించుకున్నవైపు నుంచి చెప్తా.

డిజైనర్ వారంలో చేస్తానన్నా మీ వైపు నుంచి నెల పడుతుంది, రాసి పెట్టుకోండి. వాళ్ళు ప్రతి సరుకుకీ ఫొటో, పేరు, బరువు, ధర, నాలుగు మాటలు అడుగుతారు. ఆ నాలుగు మాటలు రాయడానికే ప్రాణం పోతుంది. పిన్నిగారిని కూర్చోబెట్టి ఒక్కో పచ్చడి గురించి మాట్లాడించి ఫోన్‌లో రికార్డ్ చేయండి, ఏ నూనె, ఏ మిరపకాయ, వెల్లుల్లి ఉందా లేదా (వెల్లుల్లి తిననివాళ్ళు ముందు అడిగేది అదే), ఎన్నాళ్ళు నిలవుంటుంది, ఫ్రిజ్‌లో పెట్టాలా. ఆవిడ మాటల్లోనే రాసేయండి. "అత్యుత్తమ నాణ్యత, సాంప్రదాయ రుచులు" అని డిజైనర్ రాసిచ్చేది ఎవరూ చదవరు, నేనైతే చదవను.

ఫొటోలు నెట్ నుంచి తీసి పెట్టనివ్వకండి, అవి వేరేవాళ్ళవి, పైగా మీ జాడీలో రంగు వేరేగా ఉంటే కొన్నవాళ్ళు ఊరుకోరు. పొద్దున తొమ్మిదీ పదింటికి కిటికీ పక్కన, తెల్ల పంచె పరిచి, ఫోన్‌తో తీస్తే చాలు. కాకపోతే ఫోన్ ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, దాన్ని అలాగే ఎక్కిస్తే పేజీ తెరుచుకునేలోపు మనిషి వెళ్ళిపోతాడు. చిన్నవి చేసి ఎక్కించమని చెప్పండి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. సరుకు అయిపోయిందని పెట్టడం, ధర మార్చడం పిన్నిగారో బాబాయిగారో సొంతంగా ఫోన్‌లోంచి చేసుకోగలగాలి. మాగాయ అయిపోయింది, చింతకాయ ఇంకా రాలేదు, ఉసిరి కార్తీకంలోనే, ఇలా మీ సరుకు కాలాన్ని బట్టి మారేది. ప్రతిసారీ డిజైనర్‌కి మెసేజ్ పెట్టి రెండురోజులు చూస్తూ కూర్చుంటే ఈలోపు లేని సరుకుకి డబ్బులు వచ్చేస్తాయి, వెనక్కివ్వడం ఇంకో తలనొప్పి. ఆఖరి వాయిదా డబ్బులు ఇచ్చే ముందు, డిజైనర్ ఎదురుగానే బాబాయిగారి చేత ఒక పచ్చడి ధర మార్పించి, ఒకటి "స్టాక్ లేదు" పెట్టించి చూడండి. ఆయనకి రాకపోతే అది ఆయన తప్పు కాదు, సైటుదే.

కొరియర్ ఖర్చు కూడా బరువుని బట్టి, ఊరిని బట్టి సైటే లెక్కవేయాలి. పచ్చడి కేజీ అంటే సీసా, అట్టపెట్టె, చుట్టిన కవర్లు కలిపి కేజీన్నర దాటుతుంది, కొరియర్ వాడు దానికే డబ్బులు తీసుకుంటాడు.

మాకు వచ్చేవాళ్ళలో సగంమంది కన్నడవాళ్ళే అండీ. షాపు బోర్డుకైతే 60 శాతం కన్నడ ఉండాలన్న రూలుంది, మనకి షాపు లేదనుకోండి, అయినా కన్నడలో ఒక పేజీ పెట్టాక పక్క వీధి నుంచి కూడా అడగడం మొదలుపెట్టారు. ఆలోచించండి.

అక్షరాల పిచ్చోడు:

తెలుగు సైటు పెద్ద పనా అన్నారు కదా, పెద్దది కాదు, కానీ తెలుగు రాని డిజైనర్ చేతిలో పడితే చూడలేం.

మొదటి గండం అనూ ఫాంట్లు. పిన్నిగారి లేబుళ్ళు, పాంప్లెట్లు ఎక్కడో డీటీపీ సెంటర్‌లో చేయించి ఉంటారు. ఆ ఫైల్‌లోంచి కాపీ చేసి సైటులో పెడితే తెలుగు రాదు, పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తేడాలు వస్తాయి, ఉన్నది పాతిక ముప్పై పేర్లే కాబట్టి మళ్ళీ టైప్ చేసుకోవడమే సుఖం. కొంతమంది తెలివిగా తెలుగుని బొమ్మగా పెట్టేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, గూగుల్‌కి మాత్రం అక్కడ అక్షరం ఉందో లేదో సరిగ్గా తెలియదు.

రెండోది వరుసల మధ్య ఎడం. థీమ్‌లన్నీ ఇంగ్లీషు కోసం చేసినవి, ఇంగ్లీషు అక్షరానికి కింద వేలాడేది తక్కువ. మనకి కింద ఒత్తులున్నాయి. ఎడం చాలక, బాక్సు కొలతకి కత్తిరించేస్తే ఒత్తు సగం ఎగిరిపోతుంది. వెల్లుల్లి కారం కాస్తా వెలులి కారం అవుతుంది, నువ్వుల పొడి నువుల పొడి అవుతుంది. ఇది నేను కళ్ళారా చూసిన సైటు సంగతే, ఆర్నెల్లు అలాగే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. తెలుగుకి లైన్ హైట్ కనీసం 1.6, 1.7 పెట్టమనండి, బాక్సులకి ఎత్తు గీత గీసి కట్టేయొద్దనండి. ఇంగ్లీషు హెడ్డింగుల్లో అక్షరాల మధ్య జాగా పెంచే ఫ్యాషన్ ఒకటుంది, అది తెలుగుకి వర్తించకుండా తీసేయమనండి.

ఫాంట్లకి కొరత లేదు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు ఉంది, సిలికానాంధ్ర అనే సంస్థ ద్వారా ఉచితంగా వచ్చిన మండలి, రామభద్ర లాంటివి ఉన్నాయి. పేర్లకి రామభద్ర, చదివే మాటలకి మండలి, నా ఓటు అది. మూడో ఫాంట్ వద్దు, పేజీ బరువెక్కుతుంది.

వెతికేవాళ్ళ సంగతి కూడా చూడాలి. మనవాళ్ళలో చాలామంది "అల్లం పచ్చడి బెంగళూరు" అని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, అదీ తలా ఒక స్పెల్లింగ్. కాబట్టి ప్రతి సరుకుకీ పెద్దగా తెలుగు పేరు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు, రెండూ నిజమైన అక్షరాలుగానే ఉండాలి.

సంఘం సెక్రటరీ:

వ్యాపారం కాదు గానీ సంస్థల సంగతి ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని రాస్తున్నా. మాది బెంగళూరులో ఒక చిన్న తెలుగు సంఘం, ఉగాది, కార్తీక వనభోజనాలు, పేద పిల్లలకి పుస్తకాలు, అంతే. అప్పటి కమిటీ ఒక డిజైనర్‌కి సైటు పని అప్పజెప్పింది. ఆయన డొమైన్ తన ఖాతాలో, తన మెయిల్ మీద కొన్నాడు. పని బాగానే చేశాడు, డబ్బూ న్యాయంగానే తీసుకున్నాడు. తర్వాత ఊరు మారాడు, మెయిల్ మారింది, రెన్యువల్ నోటీసులన్నీ ఆ పాత మెయిల్‌కి పోయాయి. ఉగాదికి పదిరోజుల ముందు, ఆహ్వానపత్రికల మీద సైటు అడ్రస్ అచ్చయ్యాక, తెరిచి చూస్తే ఎవరిదో అమ్మకపు పేజీ. కొత్త పేరు కొనుక్కుని పత్రికల మీద స్టిక్కర్లు అతికించాం, కమిటీ పెద్దాయన ఒక్కో స్టిక్కర్ అతికిస్తూ ఒక్కో తిట్టు. డొమైన్ పరాయివాళ్ళ పేరు మీద ఉండటమంటే షాపు అగ్రిమెంటు బోర్డు రాసిన పెయింటర్ పేరు మీద రాయించుకోవడమే.

ఇప్పుడు డొమైన్ సంఘం మెయిల్ మీద ఉంది, ఆ మెయిల్‌కి అధ్యక్షుడి ఫోనూ కోశాధికారి ఫోనూ రెండూ కలిపాం, కమిటీ మారినప్పుడు పాస్‌వర్డ్ కూడా మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాలతో పాటే అప్పగింతలో ఉంటుంది.

విరాళాల బటన్ పెట్టే సంఘాలకి ఒక మాట. డిజైనర్ ఉత్సాహంగా "అమెరికా నుంచి కూడా డబ్బులు వచ్చేలా పెట్టేస్తా సార్" అంటాడు. ఆగండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ చట్టం కింద విదేశీ విరాళమే, దానికి ముందే రిజిస్ట్రేషన్ గానీ అనుమతి గానీ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వేరే ఖాతా ఉండాలి. భారతీయ పాస్‌పోర్టుతో అక్కడ ఉంటున్నవాళ్ళు సొంత సంపాదనలోంచి ఇస్తే ఆ కిందికి రాదు. ఈ తేడా డిజైనర్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, కమిటీకి తెలియాలి. మా ఫారంలో "మీరు భారతీయ పౌరులేనా" అని టిక్ పెట్టించి, పాస్‌పోర్ట్ వివరం అడిగి గానీ విదేశాల నుంచి తీసుకోం.

పచ్చడిజాడీ:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు, బాబాయికి అంతా చదివి వినిపించాను, వెలులి కారం దగ్గర పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది.

జీఎస్టీకి సీఏ గారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. వాట్సాప్ బిజినెస్ పెట్టేశాను, కేటలాగ్ సగం అయింది. లక్షా అరవై వాళ్ళకి వద్దని చెప్పేశాను, "అయితే లక్షకి చేస్తాం సార్" అన్నారు, అరవై వేలు నిమిషంలో తగ్గాయి.

ఇప్పుడు 45 వేల ఏజెన్సీ వైపు మొగ్గుతున్నాం. కానీ సెక్రటరీ గారు చెప్పింది చదివాక వాళ్ళని అడిగితే, "డొమైన్ ఫ్రీ కాబట్టి మా అకౌంట్‌లోనే ఉంటుంది, కావాలంటే ఎప్పుడైనా ట్రాన్స్‌ఫర్ చేస్తాం" అంటున్నారు. నమ్మొచ్చా?

హోస్టింగ్‌రావు:

మనుషుల్ని నమ్మండి, ఆ ఏర్పాటుని వద్దనండి. ఆ ఫ్రీ విలువ వెయ్యి రూపాయలు. మీరే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) దగ్గర పిన్నిగారి పేరు, మెయిల్, ఫోన్ మీద ఖాతా తెరిచి డొమైన్ కొనేసి, డీఎన్ఎస్ (పేరుని సైటుకి కలిపే) సెట్టింగుల వరకే వాళ్ళకి అనుమతి ఇవ్వండి. నిజాయితీగా పనిచేసే ఏ ఏజెన్సీ దీనికి అభ్యంతరం చెప్పదు, వాళ్ళకీ రెన్యువల్ బాధ్యత తప్పుతుంది. "ఎప్పుడైనా" అన్నది కూడా పూర్తిగా వాళ్ళ చేతిలో లేదు, డాట్ కామ్ కొత్తగా కొన్నాక మొదటి 60 రోజులు ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చనివ్వరు, తర్వాత మార్చాలన్నా పాత ఖాతాలోంచి ఆథ్ కోడ్ (బదిలీకి అడిగే రహస్య కోడ్) కావాలి. ఖాతా ఎవరిదైతే కోడ్ వాళ్ళ దగ్గరే. గడువు దాటితే కొన్నాళ్ళు మామూలు ధరకి రెన్యువల్ చేసుకోనిస్తారు, ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్ (పేరుని వెనక్కి తెచ్చుకునే) గడువులో అయితే ఫీజు వాచిపోతుంది, అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. సంఘానికి జరిగింది అదే అయ్యుంటుంది. ఆటో రెన్యువల్ ఆన్ చేసి, కార్డు మారినప్పుడల్లా అక్కడా మార్చండి.

హోస్టింగ్ వాళ్ళ దగ్గరే ఉన్నా పర్లేదు, కానీ వర్డ్‌ప్రెస్‌లో అడ్మిన్ లాగిన్ మీకు ఉండాలి, నెలకోసారి పూర్తి బ్యాకప్ మీ గూగుల్ డ్రైవ్‌లో పడాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, పేమెంట్ గేట్‌వే ఖాతాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పిన్నిగారి పేరు మీదే, వాళ్ళని మేనేజర్‌గా కలపండి చాలు. గేట్‌వేలో డబ్బు పడే బ్యాంకు ఖాతా మార్చే అనుమతి ఇవ్వకండి.

ఒప్పందంలో ఇంకో వాక్యం రాయించండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటివాళ్ళకి పని ఇచ్చి చేయించుకున్నప్పుడు, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప మామూలుగా డిజైన్, కోడ్ మీద హక్కు చేసినవాళ్ళదే. కాలం రాయకపోతే ఆ బదిలీ ఐదేళ్ళకే అనుకుంటారు. అందుకని "పూర్తి డబ్బు అందిన రోజు నుంచి డిజైన్, కోడ్, ఫొటోలు, రాతల మీద హక్కులన్నీ శాశ్వతంగా క్లయింట్‌వే" అని ఉండాలి. డబ్బు మూడు వాయిదాలుగా ఇవ్వండి, మొదట కొంత, డిజైన్ చూశాక కొంత, కోడలు గారు చెప్పిన బాబాయిగారి పరీక్ష పాసయ్యాక మిగతాది.

ఒప్పుకునే ముందు వాళ్ళు ఇదివరకు చేసిన సైట్లు, ఏడాది పైబడినవి రెండు మూడు, మామూలు ఫోన్‌లో వైఫై ఆపేసి తెరిచి చూడండి. గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రస్ కొడితే మార్కులు వస్తాయి. పేజీలో ప్రధానమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు. మీరు టెస్టింగ్‌లో ఉన్నారు, ఇది మీకు చెప్పడమేంటి లెండి.

కుందలహళ్ళి కోడలు:

ఆ షాపుల వాళ్ళకి ఫోన్ చేసి కూడా అడగండి, సైటు కింద నంబర్ ఎలాగూ ఉంటుంది. "పండగ ముందు సైటు ఆగిపోతే ఎంతసేపట్లో ఫోన్ ఎత్తారు" అని అడిగితే చాలు, మిగతాదంతా వాళ్ళే చెప్తారు.

పచ్చడిజాడీ:

అలాగే అక్కా, ఈ శనివారం ఆ పని మీదే ఉంటా. చివరగా ఒకటి, సైటులో పిన్ని సొంత నంబర్ పెట్టాలా? బాబాయి ఒప్పుకోవట్లేదు, ఇప్పటికే రాత్రిళ్ళు ఫోన్లు వస్తున్నాయట.

నిష్ఠూరం:

పెట్టొద్దు. కొత్త సిమ్ ఒకటి తీసుకుని వాట్సాప్ బిజినెస్‌ని దాని మీదికి మార్చండి, కేటలాగ్ సగమే అయింది కాబట్టి ఇప్పుడే సులువు. సైటులో, గూగుల్‌లో, లేబుల్ మీద, గేట్‌వేలో అన్నిచోట్లా ఆ నంబరే. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబర్ మాత్రం బయట ఎక్కడా వద్దు. రాత్రి తొమ్మిది తర్వాత "రేపు పొద్దున జవాబిస్తాం" అని ఆటో మెసేజ్ పెట్టేసి ఫోన్ వంటింట్లో వదిలేయమనండి.

సంఘం సెక్రటరీ:

ఆ సిమ్‌కి రీచార్జ్ మర్చిపోకండి బాబూ, చాన్నాళ్ళు వాడకపోతే నంబర్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అవునూ, పిన్నిగారు వంకాయ పచ్చడి చేస్తారా? నవంబర్‌లో మా వనభోజనాలకి ఐదు కేజీలు కావాలి, సైటు వచ్చేదాకా ఆగాలా, ఇక్కడే చెప్పొచ్చా?

పచ్చడిజాడీ:

చేస్తుంది సార్, కానీ నిలవ పచ్చడి కాదు, ముందురోజు చేసి ఇవ్వాలి. మీకు మెసేజ్ పెడుతున్నా.